కొత్త సర్వర్ లేవగానే మానిటరింగ్‌లోకి: కంటైనర్లనూ గమనించే టూల్‌ని సొంతంగా కట్టుకోవడం ఎలా?

చిన్న టీముల్లో మానిటరింగ్ దెబ్బతినేది గ్రాఫులు బాగా లేక కాదు. సర్వర్ లేపేది ఒకరు, దాన్ని మానిటరింగ్ లిస్టులో చేర్చాల్సింది ఇంకొకరు. "రేపు చేరుద్దాంలే" అనుకున్న సర్వర్‌లో డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోతుంది. కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు. డాష్‌బోర్డు మాత్రం అంతా పచ్చగానే చూపిస్తుంది, ఎందుకంటే ఆ సర్వర్ ఉందన్న సంగతే దానికి తెలియదు.

అందుకే ఈ టూల్‌ని గ్రాఫుల దగ్గర మొదలుపెట్టం. "ఏవేం ఉండాలి" అన్న లెక్క దగ్గర మొదలుపెడతాం. సర్వర్ తయారయ్యే పనిలోనే మానిటరింగ్‌లో చేరడం కూడా ఒక భాగమైపోవాలి. మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని అందులో ఒక్కటీ మిగలకూడదు.

ఇది 10 నుంచి 40 దాకా లినక్స్ సర్వర్లు, వాటి మీద డాకర్ కంటైనర్లు (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సిన వాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలు) నడుపుతున్న టీములకు రాసింది. వందల సర్వర్లు, కుబర్నెటిస్ (కంటైనర్లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ) క్లస్టర్లు ఉంటే ప్రొమీథియస్ అనే రెడీమేడ్ మానిటరింగ్ టూల్ పెట్టుకోండి. 2012లో సౌండ్‌క్లౌడ్‌లో మొదలై, 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరి, బాగా రాటుదేలిన టూల్ అది. సొంతంగా కట్టడం వల్ల వచ్చే లాభం వేరు: ప్రతి అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలుస్తుంది. అర్ధరాత్రి అలర్ట్ వచ్చినప్పుడు ఆ తెలిసి ఉండటమే పనికొస్తుంది.

మొదటి అడుగు: లెక్కల పుస్తకం

టూల్‌లో రెండు భాగాలుంటాయి. ప్రతి సర్వర్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్ ఏజెంట్. అన్ని ఏజెంట్ల నుంచి సమాచారం తీసుకుని దాచేది హబ్. హబ్‌లో ముందుగా తయారుచేయాల్సిన టేబుల్ సర్వర్ల జాబితా. ప్రతి వరసలో సర్వర్ పేరు, దాని పని, ఎవరి బాధ్యత, చివరిసారి కబురు వచ్చిన సమయం, స్థితి ఉండాలి. స్థితికి నాలుగే విలువలు చాలు: రావాల్సి ఉంది, నడుస్తోంది, కబురు లేదు, తీసేశాం.

ఇక్కడ ఒక నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. ఏజెంట్ వచ్చి "నేనున్నాను" అని చెప్పినప్పుడు కొత్త వరస పుట్టకూడదు. సర్వర్‌ని తయారుచేయమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే, "రావాల్సి ఉంది" అన్న స్థితితో వరస పుట్టాలి. అప్పుడే బూట్ కాని సర్వర్, ఏజెంట్ ఇన్‌స్టాల్ కాని సర్వర్ కూడా లెక్కలో ఉంటాయి. ఏజెంట్ చెప్పాకే వరస రాస్తే, నోరు విప్పలేని సర్వర్ అసలు లేనట్టే అవుతుంది.

కంటైనర్లకూ ఇదే పద్ధతి. ప్రతి సర్వర్ పనికి తగ్గట్టు అక్కడ ఏ సర్వీసులు ఎన్ని నడవాలో రాసిపెట్టుకోండి. వెబ్ సర్వర్ అయితే ఎంజిన్‌ఎక్స్ ఒకటి, యాప్ రెండు, క్యూ వర్కర్ ఒకటి, ఇలా.

రెండో అడుగు: ఏజెంట్

ఏజెంట్‌ని గో భాషలో రాయమని నా సలహా. లైబ్రరీల గొడవ లేకుండా ఒకే బైనరీ ఫైలుగా తయారవుతుంది, కాపీ చేస్తే చాలు, నడుస్తుంది. పైథాన్‌లోనూ రాయొచ్చు, కానీ ఉబుంటు వెర్షన్ మారినప్పుడల్లా సర్వర్‌లోని పైథాన్ వెర్షన్‌తో తంటాలు పడాలి. ఏజెంట్‌ని కంటైనర్‌గా మాత్రం నడపకండి. డాకర్ డీమన్ (కంటైనర్లను నడిపే నేపథ్య ప్రోగ్రామ్) పడిపోయిందని చెప్పాల్సిన ప్రోగ్రామ్ ఆ డీమన్ మీదే ఆధారపడకూడదు.

సీపీయూ లెక్క, లినక్స్ తన లెక్కలు చూపించే ప్రాక్ ఫోల్డర్‌లోని స్టాట్ ఫైల్ మొదటి వరసలో ఉంటుంది. యూజర్, నైస్, సిస్టమ్, ఐడిల్ (ఖాళీగా ఉన్న సమయం), ఐఓవెయిట్ (డిస్క్ కోసం ఆగిన సమయం), ఆ తర్వాత ఇంటరప్టులవి రెండు, ఆపైన స్టీల్. ఇవన్నీ మెషీన్ బూట్ అయినప్పటి నుంచి పెరుగుతూ పోయే టిక్కులు. సాధారణంగా ఒక కోర్‌కి సెకనుకు 100 టిక్కులు. ఒక్కసారి చదివితే ప్రయోజనం లేదు, రెండుసార్లు చదివి తేడా తీయాలి. ఉదాహరణకు 4 కోర్ల మెషీన్‌లో 10 సెకన్ల తేడాతో చదివితే మొత్తం దాదాపు 4,000 టిక్కులు పెరగాలి. అందులో ఐడిల్ 2,600, ఐఓవెయిట్ 400, యూజర్ 700, సిస్టమ్ 200, స్టీల్ 100 అనుకుందాం. సీపీయూ వాడకం 25 శాతం అని ఒక్క అంకె వేసి వదిలేయకండి. ఐఓవెయిట్ 10 శాతం ఉందంటే డిస్క్ నెమ్మదిగా ఉందని అనుమానించాలి. స్టీల్ అంటే మన వర్చువల్ మెషీన్‌కి దక్కాల్సిన సమయాన్ని హైపర్‌వైజర్ (ఒకే మెషీన్‌ని పలు వర్చువల్ మెషీన్లకు పంచే ప్రోగ్రామ్) వేరే వాళ్లకిచ్చిందని అర్థం. అది రోజూ పెరుగుతుంటే మన కోడ్‌లో తప్పు వెతికి లాభం లేదు, సర్వర్ మార్చుకోవాలి. అందుకే వాడకం, ఐఓవెయిట్, స్టీల్ మూడింటినీ విడివిడిగా పంపండి.

మెమరీకి మెమ్‌ఇన్ఫో ఫైల్ చూడండి. అందులో "ఫ్రీ" అన్న అంకెను నమ్మొద్దు. ఖాళీగా ఉన్న మెమరీని లినక్స్ ఫైల్ క్యాష్‌కి వాడేస్తుంది కాబట్టి అది ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది. 3.14 కెర్నెల్ (లినక్స్ మూలభాగం) నుంచి వచ్చిన "అవైలబుల్" అంకెనే తీసుకోండి.

డిస్క్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఇఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మామూలుగా 5 శాతం జాగాను రూట్ (సర్వాధికారాలున్న యూజర్) కోసం పక్కన పెడుతుంది, కాబట్టి మామూలు యూజర్‌కి మిగిలిన జాగానే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది ఐనోడ్లు, అంటే ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఖర్చయ్యే నమోదులు; వాటికీ పరిమితి ఉంటుంది. లక్షల చిన్న ఫైళ్లు పేరుకుంటే జాగా ఉన్నా "డిస్క్‌లో చోటు లేదు" అన్న ఎర్రర్ వస్తుంది.

లోడ్ యావరేజ్‌ని (సగటున ఎన్ని ప్రాసెస్‌లు పనిలోనో, వరసలోనో ఉన్నాయన్న అంకె) పంపండి, కానీ దాని మీద అలర్ట్ పెట్టకండి. లినక్స్‌లో డిస్క్ కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా అందులో కలుస్తాయి, ఆ ఒక్క అంకెతో కారణం తేలదు.

మూడో అడుగు: కంటైనర్ల జాడ

అసలు పనంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ముందు భద్రత సంగతి. డాకర్‌తో మాట్లాడాలంటే దాని సాకెట్ ఫైల్ (ఆజ్ఞలు వెళ్లే దారి) అందుబాటులో ఉండాలి. ఆ సాకెట్ చేతికొచ్చిందంటే సర్వర్‌ మీద రూట్ అధికారం వచ్చినట్టే. సాకెట్‌ని రీడ్ఓన్లీగా మౌంట్ చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. ఫైల్‌ని మార్చలేకపోవచ్చు గానీ దాని గుండా "కొత్త కంటైనర్ లేపు" అన్న ఆజ్ఞ నిక్షేపంగా వెళ్తుంది. మధ్యలో చిన్న ప్రాక్సీ పెట్టి కంటైనర్ల జాబితా, ఈవెంట్లు, ఇన్‌స్పెక్ట్ (ఒక కంటైనర్ పూర్తి వివరాలు), ఈ మూడు చదివే పనులనే అనుమతించండి. ఇన్‌స్పెక్ట్ జవాబులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే చాలాసార్లు డేటాబేస్ పాస్‌వర్డులు కూడా ఉంటాయి. వాటిని ప్రాక్సీలోనే తీసేయాలి, హబ్ దాకా రానివ్వకూడదు.

ఇక గుర్తింపు. కంటైనర్ ఐడీ 64 అక్షరాలుంటుంది, డిప్లాయ్ చేసిన ప్రతిసారీ మారిపోతుంది. ఐడీనే పట్టుకుంటే నిన్నటి గ్రాఫ్‌కి, ఇవాళ్టి గ్రాఫ్‌కి సంబంధం తెగిపోతుంది. డాకర్ కంపోజ్ (ప్రాజెక్టులోని కంటైనర్లన్నింటినీ కలిపి లేపే టూల్) ప్రతి కంటైనర్‌కి ప్రాజెక్ట్, సర్వీస్ పేర్లను లేబుళ్లుగా తగిలిస్తుంది. సర్వర్, ప్రాజెక్ట్, సర్వీస్, దాని వరస సంఖ్య కలిపితే అదే శాశ్వత గుర్తింపు. ఐడీని ఆ గుర్తింపు కింద ఒక "జన్మ"గా రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, ఏ ఇమేజ్, ఎప్పుడు పోయింది, ఏ కోడ్‌తో పోయింది. ఒక సర్వీస్‌కి గంటలో పది జన్మలు కనబడితే అది క్రాష్ అవుతూ లేస్తోందనో, ఎవరో పదేపదే డిప్లాయ్ చేస్తున్నారనో ఇట్టే తెలిసిపోతుంది. ఒకటే జాగ్రత్త. రీస్టార్ట్ పాలసీ వల్ల అదే కంటైనర్ మళ్లీ లేస్తే ఐడీ మారదు. అందుకని ప్రతి స్టార్ట్ ఈవెంట్‌నీ కొత్త జన్మగా లెక్కపెట్టాలి.

ఈవెంట్లు వినేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు ఈవెంట్ల స్ట్రీమ్ తెరవండి, తర్వాతే పూర్తి జాబితా అడగండి. తిరగేసి చేస్తే ఆ రెండింటి మధ్య పుట్టిన కంటైనర్ జారిపోతుంది. కనెక్షన్ తెగితే డాకర్ దగ్గర కొద్దిపాటి పాత ఈవెంట్లే ఉంటాయి. కాబట్టి మళ్లీ కలిసిన ప్రతిసారీ, ఎలాగూ నిమిషానికోసారి, పూర్తి జాబితాతో సరిచూసుకోవాలి.

వనరుల లెక్కకి డాకర్ స్టాట్స్ ఏపీఐని వాడొచ్చు గానీ కంటైనర్లు ఎక్కువైతే అది భారమవుతుంది. నేరుగా సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకి పరిమితి పెట్టి, వాడకాన్ని లెక్కించే లినక్స్ ఏర్పాటు) ఫైళ్లు చదవడం తేలిక. 2016లో కెర్నెల్ 4.5తో సీగ్రూప్ రెండో వెర్షన్ వచ్చింది, డాకర్ 20.10 నుంచి దాన్ని వాడుకుంటోంది. ఉబుంటు 22.04లో అదే డిఫాల్ట్. సీగ్రూప్ ఫోల్డర్ ఎక్కడుందో ఐడీని బట్టి ఊహించకండి. ఇన్‌స్పెక్ట్ నుంచి కంటైనర్ మొదటి ప్రాసెస్ నంబర్ తీసుకుని, ప్రాక్‌లో ఆ ప్రాసెస్ కింద ఉన్న సీగ్రూప్ ఫైల్ చదివితే అసలు దారి దొరుకుతుంది.

సీపీయూకి అక్కడి సీపీయూ-స్టాట్ ఫైల్‌లో మైక్రోసెకన్లలో వాడకం ఉంటుంది. 15 సెకన్లలో అది 75 లక్షలు పెరిగిందంటే 7.5 సెకన్ల పని, అంటే అర కోర్. 4 కోర్ల సర్వర్‌లో ఇది 12.5 శాతమే, గ్రాఫ్‌లో ప్రశాంతంగా కనబడుతుంది. కానీ ఆ కంటైనర్‌కి పెట్టిన పరిమితే అర కోర్ అయితే అది నూటికి నూరు శాతం నిండిపోయినట్టు. యూజర్లకు పేజీ నత్తనడకన వస్తుంటుంది. అదే ఫైల్‌లో ఎన్నిసార్లు థ్రాటిల్ అయిందో (పరిమితి తగిలి ఆగాల్సి వచ్చిందో) కూడా ఉంటుంది, తప్పకుండా పంపండి. "సర్వర్ ఖాళీగానే ఉంది, సైట్ మాత్రం స్లో" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు జవాబు ఆ అంకెలోనే దొరుకుతుంది.

మెమరీలో మొత్తం వాడకం నుంచి వాడుకలో లేని ఫైల్ క్యాష్‌ని తీసేయాలి. 900 ఎంబీ కనబడుతుంది, అందులో 500 క్యాష్ అయితే అసలు వాడకం 400. డాకర్ స్టాట్స్ కమాండ్ కూడా ఇలాగే చూపిస్తుంది.

ఇక మరణాలు. ఎగ్జిట్ కోడ్ 137 అంటే 128కి 9 కలిపినది, కిల్ సిగ్నల్‌తో చచ్చిపోయిందని అర్థం. దాన్ని చూడగానే మెమరీ చాల్లేదని తేల్చేయకండి. డాకర్ స్టాప్ ఇచ్చినప్పుడు ప్రోగ్రామ్ 10 సెకన్లలో ఆగకపోతే డాకరే కిల్ చేస్తుంది, అప్పుడూ 137 వస్తుంది. తేడా పట్టుకోవడానికి ముందు వచ్చిన ఈవెంట్లు చూడాలి. 15వ సిగ్నల్ (ఆగమన్న సూచన) పంపిన ఈవెంట్ ముందుంటే ఎవరో ఆపారు. ఓఓఎమ్ (మెమరీ అయిపోయింది) ఈవెంట్ ఉంటే కారణం మెమరీ.

దీనికంటే దొంగదెబ్బ ఇంకోటుంది. గునికార్న్ లాంటి పైథాన్ వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌లో ఒక మాస్టర్, నలుగురు వర్కర్లు ఉంటారు. మెమరీ అయిపోతే కెర్నెల్ ఒక వర్కర్‌ని చంపుతుంది, మాస్టర్ వెంటనే ఇంకో వర్కర్‌ని లేపుతుంది. కంటైనర్ చావలేదు, జన్మ మారలేదు, హెల్త్‌చెక్ కూడా బాగానే ఉంది. ఆ క్షణంలో ఉన్న రిక్వెస్టులు మాత్రం పోయాయి. ఇది సీగ్రూప్‌లోని మెమరీ-ఈవెంట్స్ ఫైల్‌లో ఓఓఎమ్-కిల్ అన్న కౌంటర్ పెరగడం బట్టి తెలుస్తుంది. ఆ ఒక్క కౌంటర్ పెరిగితే అలర్ట్ పెట్టండి, మిగతా మెమరీ అలర్టులన్నింటికంటే అదే పనికొస్తుంది.

నాలుగో అడుగు: పంపడం, దాచడం

ఏజెంటే హబ్‌కి పంపాలా, హబ్బే వచ్చి తీసుకోవాలా అన్నది పాత చర్చ. మన దారి పంపడమే. సర్వర్‌లో బయటి నుంచి లోపలికి పోర్టు తెరవనక్కర్లేదు, హెచ్‌టీటీపీఎస్ మీద బయటకు వెళ్తే చాలు. 15 సెకన్లకోసారి అన్నీ కలిపి ఒకే మూటగా పంపండి. హబ్ అందకపోతే గంట వరకు ఏజెంట్ తన దగ్గర దాచుకుని, కలిశాక పంపాలి. దాచుకునే జాగాకి హద్దు పెట్టడం మరవకండి.

పెరుగుతూ పోయే కౌంటర్లను యథాతథంగా పంపి, తేడా హబ్‌లో తీయండి. కొత్త విలువ పాతదానికంటే తక్కువైతే రీబూట్ అయిందనో, కొత్త జన్మ మొదలైందనో అర్థం. అప్పుడు నెగెటివ్ రేటు చూపించకుండా అక్కణ్ణుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టాలి.

స్టోరేజ్‌కి ఎస్‌క్యూలైట్ (ఫైల్‌గానే ఉండే చిన్న డేటాబేస్) చాలు. లెక్క చూడండి: 20 సర్వర్లు, ఒక్కోదానికి కంటైనర్లతో కలిపి 100 అంకెలు, రోజుకు 5,760 సార్లు. మొత్తం రోజుకు కోటీ 15 లక్షల వరసలు. వాల్ మోడ్ (మార్పులను ముందు విడి లాగ్‌లో రాసే పద్ధతి) పెట్టి, ఒక్కో మూటని ఒకే ట్రాన్సాక్షన్‌లో రాస్తే మామూలు ఎస్‌ఎస్‌డీ తట్టుకుంటుంది. ముడి డేటా రెండు రోజులు, 5 నిమిషాల సారాంశం నెల, గంట సారాంశం ఏడాది ఉంచండి. ముడి డేటాకి రోజుకో ఫైల్ పెట్టండి, పాతబడ్డాక ఫైల్ చెరిపేస్తే సరిపోతుంది, కోటి వరసలు డిలీట్ చేసే బాధ ఉండదు. సారాంశంలో సగటుతో పాటు గరిష్ఠం కూడా దాచాలి, లేకపోతే పది సెకన్ల పాటు ఎగిసిన సీపీయూ సగటులో కలిసి మాయమవుతుంది.

ఐదో అడుగు: ప్రొవిజనింగ్ (సర్వర్ లేపి సిద్ధం చేయడం)

సర్వర్ లేపడానికి టెర్రాఫార్మ్ (ఫైల్‌లో రాసిన వివరాల ప్రకారం సర్వర్లను సృష్టించే టూల్) గానీ, దాని నుంచి విడివడిన ఓపెన్‌టోఫు గానీ వాడండి. 2023 ఆగస్టులో టెర్రాఫార్మ్ లైసెన్స్ మారాక ఓపెన్‌టోఫు వచ్చింది, ఈ పనికి రెండూ ఒకటే. వరస ఇలా ఉండాలి.

1. టెర్రాఫార్మ్‌ని నడిపే స్క్రిప్ట్ ముందు హబ్‌ని పిలుస్తుంది. హబ్ "రావాల్సి ఉంది" అన్న వరస రాసి, ఒక్కసారికే, 15 నిమిషాల వరకే చెల్లే టోకెన్ ఇస్తుంది.
2. ఆ టోకెన్, ఏజెంట్ బైనరీ అడ్రస్, దాని చెక్‌సమ్ (ఫైల్ మారలేదని సరిచూసే అంకె) క్లౌడ్-ఇనిట్ (మొదటి బూట్‌లో సర్వర్‌ని సిద్ధం చేసే ప్రోగ్రామ్) స్క్రిప్ట్‌లోకి వెళ్తాయి.
3. సర్వర్ మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు క్లౌడ్-ఇనిట్ ఏజెంట్‌ని దించుకుని, చెక్‌సమ్ సరిచూసి, సిస్టమ్‌డీ (లినక్స్‌లో నేపథ్య ప్రోగ్రాములను నడిపేది) సర్వీస్‌గా పెడుతుంది. తర్వాత డాకర్, కంపోజ్ ఫైళ్లు.
4. ఏజెంట్ టోకెన్ చూపించి, తనకంటూ శాశ్వత రహస్య కీ తీసుకుంటుంది. హబ్ టోకెన్‌ని రద్దు చేసి, స్థితిని "నడుస్తోంది"గా మారుస్తుంది.
5. 15 నిమిషాల్లో ఏజెంట్ రాకపోతే "రావాల్సిన సర్వర్ రాలేదు" అని అలర్ట్.

ఏజెంట్‌ని డాకర్ కంటే ముందే పెట్టమన్నది ఎందుకంటే, డాకర్ ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయినా ఆ సంగతి మనకు తెలియాలి.

టోకెన్ ఒక్కసారికే ఎందుకు చెల్లాలి? క్లౌడ్-ఇనిట్‌కి ఇచ్చిన యూజర్ డేటాని, అంటే టోకెన్ ఉన్న ఆ స్క్రిప్ట్‌ని, ఆ మెషీన్‌లో నడిచే ప్రోగ్రాములు 169.254.169.254 అన్న అడ్రస్ నుంచి చదవొచ్చు. అడ్డుకట్ట వేయకపోతే కంటైనర్లు కూడా చదువుతాయి. పైగా అది టెర్రాఫార్మ్ తాను సృష్టించినవాటిని రాసుకునే స్టేట్ ఫైల్‌లోనూ మిగిలిపోతుంది. శాశ్వత కీని అక్కడ పెడితే ఎప్పటికైనా బయటపడుతుంది. వాడేసిన టోకెన్ ఎవరి చేతిలో పడినా భయం లేదు. వాడేసిన టోకెన్‌తో మళ్లీ ఎవరైనా వస్తే అదే ఒక అలర్ట్.

స్నాప్‌షాట్ (డిస్క్ నకలు) నుంచి ఇంకో సర్వర్ లేపినప్పుడు ఇంకో చిక్కొస్తుంది. ఏజెంట్ కీ కూడా కాపీ అవుతుంది కాబట్టి రెండు సర్వర్లు ఒకే పేరుతో కబుర్లు పంపుతాయి, గ్రాఫ్ రంపంలా అవుతుంది. మెషీన్ ఐడీ కూడా కాపీ అవుతుంది, దాంతో పట్టుకోలేం. కెర్నెల్ ప్రతి బూట్‌కీ కొత్తగా పుట్టించే బూట్ ఐడీని ప్రతి మూటలో పంపించండి. ఒకే కీ మీద రెండు బూట్ ఐడీలు మార్చిమార్చి వస్తుంటే కాపీ తిరుగుతోందని ఖాయం.

ఇప్పటికే ఉన్న పాత సర్వర్లకి ఆన్సిబుల్ (చాలా సర్వర్లలో ఒకే సెటప్ చేసే టూల్) ప్లేబుక్ రాసుకోండి. రెండోసారి నడిపినప్పుడు "మార్పులు సున్నా" అని రావాలి, అలా రాకపోతే ప్లేబుక్‌లో ఎక్కడో తేడా ఉంది.

చివరగా, గంటకోసారి క్లౌడ్ కంపెనీ ఏపీఐ నుంచి మన అకౌంట్‌లోని సర్వర్ల జాబితా తెప్పించి, లెక్కల పుస్తకంతో పోల్చండి. పుస్తకంలో లేని సర్వర్ అక్కడ కనబడితే ఎవరో కన్సోల్‌లో చేత్తో లేపారు. మానిటరింగ్ లేకుండా మిగిలిపోయే సర్వర్లన్నీ ఇలాంటివే.

ఆరో అడుగు: అలర్టులు

మనిషిని నిద్రలేపే అలర్టులు చాలా తక్కువ ఉండాలి. కబురు లేని సర్వర్, ఉండాల్సిన సర్వీస్ లేకపోవడం, ఓఓఎమ్-కిల్, డిస్క్ త్వరలో నిండబోవడం. మిగతావి పొద్దున చూసుకోవచ్చు.

డిస్క్‌కి 90 శాతం అన్న గీత పనికిరాదు. 2 టీబీ డిస్క్‌లో 90 శాతం అంటే ఇంకా 200 జీబీ ఉన్నట్టు. గత ఆరు గంటల్లో పెరిగిన వేగాన్ని బట్టి ఎన్ని గంటల్లో నిండుతుందో లెక్కేసి, నాలుగు గంటల లోపైతే లేపండి. సీపీయూ లాంటి వాటికి ఐదు నిమిషాలు ఆగి చూడాలి, తగ్గాక కూడా కొంతసేపు ఆగి "సర్దుకుంది" అని చెప్పాలి. లేకపోతే ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఆ టెన్షన్‌కి అలర్టులను మ్యూట్ చేసే అలవాటు పడుతుంది.

హబ్‌ని మీ సర్వర్లున్న రీజియన్‌లో (క్లౌడ్ కంపెనీ డేటాసెంటర్లున్న ప్రాంతం) పెట్టకండి. సర్వర్లు ముంబైలో ఉంటే హబ్‌ని హైదరాబాద్‌లో పెట్టొచ్చు, 2022 నవంబర్ నుంచి అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి అక్కడ రీజియన్ ఉంది. ఆ హబ్ బతికే ఉందో లేదో చూడటానికి వేరే కంపెనీ మెషీన్ మీద నిమిషానికోసారి నడిచే చిన్న క్రాన్ స్క్రిప్ట్ పెట్టండి. హబ్ జవాబివ్వకపోతే అదే నేరుగా టెలిగ్రామ్ బాట్‌తో మెసేజ్ పంపాలి, హబ్ ద్వారా కాదు.

ఏడో అడుగు: కావాలని పాడుచేసి చూడటం

ఒక టెస్ట్ సర్వర్ లేపి, వరసగా ఇవన్నీ చేయండి. తప్పు టోకెన్‌తో బూట్ చేయండి. ఏజెంట్‌ని ఆపండి. పెద్ద ఫైల్ సృష్టించి డిస్క్ నింపండి. 64 ఎంబీ పరిమితితో కంటైనర్ లేపి, అందులో మెమరీ తినే చైల్డ్ ప్రాసెస్ నడపండి. డాకర్ డీమన్‌ని రీస్టార్ట్ చేయండి. ప్రతిదానికీ రావాల్సిన అలర్ట్ వచ్చిందా, ఎంతసేపటికి వచ్చింది, ఒకటికి బదులు నాలుగొచ్చాయా అన్నది రాసుకోండి. ఏజెంట్ కొత్త వెర్షన్ తెచ్చిన ప్రతిసారీ ఇది మళ్లీ జరగాలి, కాబట్టి స్క్రిప్ట్‌గా రాసి పెట్టుకోండి.

టెస్ట్ అయ్యాక ఆ సర్వర్‌ని తీసేయడం కూడా పరీక్షలో భాగమే. ముందు హబ్‌లో స్థితి "తీసేశాం"గా మారాలి, కీ రద్దవ్వాలి, ఆ తర్వాతే టెర్రాఫార్మ్ డిస్ట్రాయ్ నడవాలి. పాత గ్రాఫులు, కంటైనర్ల జన్మల చరిత్ర మాత్రం ఏడాది పాటు అలాగే ఉంచండి. వరస డిలీట్ చేయకండి, స్థితి మారితే చాలు.